కన్ను ఎర్రబడిందని మాత్ర ఆపకు

చి. సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ కంటి తెల్లగుడ్డులో సగం మేర నెత్తురు పరుచుకుంది. పొద్దున్నే అద్దంలో చూసుకుని ఎంత హడలిపోయావో ఊహించగలను. నేను నర్సుగా ఉన్నన్నాళ్లూ, గుండె వాల్వు ఆపరేషన్ అయినవాళ్లు ఇలాగే కన్ను మూసుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లు. చాలామందికి ఆ కంటికి ఏమీ అయ్యేది కాదు. భయపడి, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే అసిట్రోమ్ మాత్ర మానేసి వచ్చినవాళ్లను చూస్తేనే మాకు గుండె గుభేలుమనేది. అందుకే ముందుగా చెబుతున్నా, నీ అంతట నువ్వు మాత్ర ఆపకు. రాత్రి మాత్ర వేళలోపు నీ గుండె డాక్టరుకు ఫోన్ చెయ్యి. డోసు తగ్గించాలన్నా, ఒక పూట మానాలన్నా ఆయనే చెప్పాలి. నీకు పెట్టింది లోహపు వాల్వు. అసిట్రోమ్ ఆపితే రెండు మూడు రోజుల్లోనే దాని ప్రభావం పోతుంది. అప్పుడు వాల్వు మీద గడ్డ కట్టొచ్చు, అది మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు.

కంట్లో జరిగింది ఇది. తెల్లగుడ్డు మీద పల్చటి పారదర్శకమైన పొర ఉంటుంది. దాని కింద వెంట్రుకల కన్నా సన్నటి రక్తనాళాలు ఉంటాయి. గట్టిగా దగ్గినా, తుమ్మినా, వాంతి అయినా, మలబద్ధకంతో ముక్కినా, కన్ను నులుముకున్నా వాటిలో ఒకటి చిట్లొచ్చు. ఒక్కోసారి కారణమే ఉండదు. కారిన రక్తం ఒక్క చుక్కే అయినా పొర కింద పరుచుకుని అంత భయంకరంగా కనిపిస్తుంది. ఏ మాత్రలూ వాడనివాళ్లకీ వస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ పరుచుకుని, తగ్గడానికి ఎక్కువ రోజులు పడుతుంది. రేపూ ఎల్లుండీ ఎరుపు ఇంకొంచెం పెరగొచ్చు, టెన్షన్ పడకు. తర్వాత కమిలిన చోటులాగే పసుపు రంగుకు తిరిగి, రెండు మూడు వారాల్లో పోతుంది.

ఇప్పుడు ఒక పని చెయ్యి. బాగున్న కన్ను మూసి, ఎర్రబడిన కంటితో పేపరు చదువు. అక్షరాలు ఎప్పటిలాగే కనిపిస్తున్నాయా? నొప్పి లేదుగా? వెలుతురు చూడలేకపోవడం, మెరుపులు, నల్లటి మచ్చలు తేలడం లేవుగా? చూపు బాగుండి, ఇవేవీ లేకపోతే నిదానంగానే కంటి డాక్టరుకు చూపించొచ్చు. చూపు మసకబారినా, వీటిలో ఏది ఉన్నా, కంటికో తలకో దెబ్బ తగిలి ఉన్నా, ఈరోజే వెళ్లాలి. చిగుళ్ల నుంచి రక్తం, ఎర్రటి మూత్రం, తారులాంటి నల్లటి విరేచనం, దెబ్బ లేకుండానే పెద్ద పెద్ద కమిలిన మచ్చలు, ఎన్నడూ లేనంత తలనొప్పి, కాలోచెయ్యో పట్టు తప్పడం లాంటివి కనిపిస్తే రాత్రయినా సరే ఎమర్జెన్సీకే పో.

ఇక ఐఎన్ఆర్ సంగతి, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే పరీక్ష. ఈరోజే ల్యాబులో రక్తం ఇచ్చిరా. మైట్రల్ చోట, అంటే గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య, లోహపు వాల్వు ఉన్నవాళ్లకు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు. నీ డిశ్చార్జి కాగితం మీద నీకెంతో రాసే ఉంటుంది, అదే నీకు కొలత. బీపీ కూడా చూపించుకో.

నాకెందుకు అనుమానమంటే, పోయిన వారం విరేచనాలకు మెడికల్ షాపులో అడిగి మెట్రోనిడజోల్ తెచ్చుకున్నానన్నావు. ఆ మందు అసిట్రోమ్ బలాన్ని పెంచేస్తుంది. పైగా ఆ నాలుగు రోజులూ సరిగ్గా తినలేదు కూడా, దానివల్లా ఐఎన్ఆర్ పెరుగుతుంది. డాక్టరుకు ముందు ఈ సంగతే చెప్పు, ఆయన అడిగేదాకా ఆగకు. ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకోనజోల్, కొన్ని యాంటీబయాటిక్స్ కూడా ఇలాగే చేస్తాయి. నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ముట్టుకోవద్దు. షాపులో ఏ మందు అడిగినా మొదటి మాటగా ‘నేను అసిట్రోమ్ వాడుతున్నా’ అని చెప్పడం అలవాటు చేసుకో తల్లీ.

ఆకుకూరలు మొత్తం మానేశావని అమ్మ చెప్పింది. మానక్కర్లేదు. తోటకూరైనా పాలకూరైనా వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తిను. నెలంతా మానేసి, ఒక్కసారిగా రోజూ తింటేనే ఐఎన్ఆర్ లెక్క తప్పుతుంది.

మీ అత్తగారు నందివర్ధనం పూల రసం, ఆముదం చుక్కలు వెయ్యమంటున్నారట. ఆవిడ నీ మీద ప్రేమతోనే అంటున్నారు, ఎదురు చెప్పకుండా ‘డాక్టరు ఏమీ వెయ్యొద్దన్నారు’ అను. శుక్లాల ఆపరేషన్ తర్వాత ఆవిడకు మిగిలిన చుక్కల మందు మాత్రం అసలే వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. గరగరలాడుతుంటే కృత్రిమ కన్నీటి చుక్కలు చాలు, అవీ డాక్టరును అడిగే. కన్ను నులమకు. కొన్నాళ్లు బిందెలు, బియ్యం బస్తాలు ఎత్తకు.

పక్కింటాయన రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్ర వాడుతున్నారని రాశావు. అది ఆయన గుండెదడకు సరిపోతుంది. లోహపు వాల్వు ఉన్నవాళ్లకు ఆ మాత్రలు పనికిరావు, డాక్టరును మార్చమని అడగొద్దు.

రిపోర్టు రాగానే ఫోటో తీసి ముందు డాక్టరుకు, తర్వాత నాకు పంపు. వచ్చే పరీక్ష తేదీ కూడా అడిగి క్యాలెండరు మీద రాసుకో.

మీ పెద్దమ్మ