రజకురాలా, రజకియా, చాకెతా?

సందేహం: పాతకాలం కథ రాస్తున్నానండీ. కూలికి బట్టలుతికే ఆవిడని 'చాకలిది' అంటే బాగోదని 'రజకురాలు' అని రాశా. మా ఫ్రెండ్ అది తప్పు, 'రజకి' అనాలంటోంది. ఏది కరెక్టు? చాకలి అన్న మాట చాకిరి నుంచే వచ్చిందట కదా?

సమాధానం: ఆ చివరి ముక్క ముందు తీసిపారేద్దాం. చాకిరి పారసీ మాటమ్మా, నౌకరీ చాకరీ అంటారే, ఆ చాకరీ. చాకలిలో ఉన్నది మన చాకి, అంటే ఉతుకు, చాకిరేవు చాకిబాన చాకిమూట అన్నిట్లోనూ అదే. రెండు మాటలు ఒకేలా వినపడితే చాలు, వాట్సాప్‌లో వాటికి పెళ్లి చేసేస్తున్నారు ఈమధ్య.

మీ ఫ్రెండ్ చెప్పింది సంస్కృతం ప్రకారం రైటే, కానీ ఎందుకు రైటో అడిగారా? నాయకుడికి నాయిక, గాయకుడికి గాయిక, ఆ లెక్కన రజకుడికి రజిక కావాలి. కాలేదు. ఎందుకంటే పాణిని 'శిల్పిని ష్వున్' అన్నాడు, అంటే పనితనం తెలిసిన మనిషిని చెప్పేటప్పుడు ప్రత్యయం వేరు, దాంతో స్త్రీలింగంలో ఈకారం వస్తుంది. పాణిని సూత్రాల మీద వివరణగా వచ్చిన వార్తికం దాన్ని మూడే ధాతువులకి కట్టేసింది, నృత్ (ఆడడం), ఖన్ (తవ్వడం), రంజ్ (రంగు వెయ్యడం). నర్తకి, ఖనకి, రజకి! నాట్యం నేర్చినావిడ పక్కన బట్టలుతికే ఆవిడని శిల్పిగా నిలబెట్టింది వ్యాకరణం, మనమేమో ఆ మాట అనడానికే మొహమాటపడుతున్నాం. రంజ్ అంటే రంగు కాబట్టి మొదట అద్దకప్పని అయ్యుండాలి, అచ్చంగా ఉతికేవాళ్ళకి అమరకోశం నిఘంటువులో నిర్ణేజక అని వేరే మాట రజకకి జంటగానే ఉంది. అయినా ఉతకడం మాత్రం తక్కువ విద్యా? సవుడు మట్టి వేసి బానలో ఏ బట్ట ఎంతసేపు ఉడకెయ్యాలి, ఏది రంగు దిగుతుంది, నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు చూసి ఏ చీర ఎవరింటిది, ఇదంతా తలలో పెట్టుకోవాలి.

రజకురాలు తప్పనలేను, సేవకురాలు చెల్లినప్పుడు ఇదీ చెల్లుతుంది. కాకపోతే కులం సర్టిఫికెట్ వాసన.

నాకిష్టమైన మాట చాకెత. గొల్లెత, బోయెత, చాకెత, ఎంత పొందిగ్గా ఉన్నాయో చూడండి. అన్నమయ్య పదాల్లో గొల్లెతలు తిరుగుతూనే ఉంటారు, మనం మాత్రం చాకెతని పోగొట్టుకుని 'ధోబీ లేడీ' అని రాస్తున్నాం, సిగ్గు లేకపోతే సరి. చాకలివాళ్ళకి మడేలు అనే పేరూ ఉంది, పాల్కురికి సోమన మడివాలు మాచయ్య కథ బసవపురాణంలో చూడండి.

అసలు చాకలి అన్న మాటకి ఆడా మగా తేడా లేదు, తక్కువతనమూ లేదు. చాకలి ఐలమ్మ అనే కదా అంటున్నాం, 2024లో కోఠీ మహిళా యూనివర్సిటీకి ఆ పేరే పెట్టారు. చిక్కంతా ఆ చివర 'ది'తోనే. దొర నోట్లో పెడితే పెట్టండి, వాడి బుద్ధి తెలుస్తుంది, మీ సొంత వాక్యంలో మాత్రం వద్దు. అక్కడ చాకలామె చాలు. చాకెత అని రాస్తే సంతోషిస్తాను గానీ, ఎడిటర్ అచ్చుతప్పనుకుని దిద్దేస్తే నన్నడక్కండి.