సాయంత్రమైతే చాలు, వీ రిమోట్ గుర్తు గంతులేస్తోందా?

టీవీకి తగిలించి ఆడే నింటెండో వీ గేమ్ పెట్టె ఉందట, సాయంత్రమయ్యేసరికి తెర మీద చెయ్యి గుర్తు గంతులేస్తోందట, రిమోట్ పాడైందా అని ఒకరు అడిగారు. రిమోట్ పాడైపోలేదండీ, అప్పుడే కొత్తది కొనకండి. వీ స్పోర్ట్స్ గేమ్‌లో బౌలింగ్ విసురు సరిగ్గానే పడుతోందన్నారు కదా, అంటే చేతి ఊపును పట్టే యాక్సెలరోమీటర్ బాగానే ఉన్నట్టు. తెర మీద చెయ్యి గుర్తు ఒక్కటే గంతులేస్తోందంటే తేడా వెలుతురులోనే.

టీవీ కింద పెట్టే సెన్సార్ బార్ పేరుకే సెన్సార్. అందులో ఉన్నవి రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, అంటే కంటికి కనబడని వెలుగునిచ్చేవి, అంతే. వాటిని చూసే కెమెరా రిమోట్ ముక్కు దగ్గర ఉంటుంది. దానికి ఇంకే వేడి వెలుగు కనబడినా తికమకపడుతుంది.

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లోనూ ఇదే గోల. సాయంత్రం ఆరున్నరకు మా అత్తగారు టీవీ పక్కన గూట్లో దీపం పెట్టగానే మా చిన్నదాని గుర్తు మూలకి పారిపోయేది. దీపం ఆర్పమని అడిగే ధైర్యం ఎవరికుంది? టీవీనే అవతలి గోడకి జరిపాం. మీకు పడమటి కిటికీ ఉంటే కర్టెన్ కూడా వేయండి.

అప్పటికీ కుదరకపోతే ఫోన్ సెల్ఫీ కెమెరాలో బార్‌ని చూడండి, చివర్లు ఊదారంగులో మెరవాలి. మెరవకపోతే వైరు చూసుకోండి, మా ఇంట్లో ఒకసారి తుడుపు కర్ర తగిలి ఊడింది.

రిమోట్ తాడు మాత్రం పిల్లల మణికట్టుకి తప్పకుండా వేయండి. మా టీవీకి ఇప్పటికే ఒక సొట్ట ఉంది, అది మా ఆయన టెన్నిస్.