పలక చీలే పొర వేరు, సముద్రం పరిచిన పొర వేరు

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది మార్కాపురం. ఇరవై ఏళ్లుగా పలకల గనిలో రాయి చీల్చే పని నాది. తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ల నాడు సముద్రంలో ఆక్సిజన్ అయిపోయిందనీ, ఆ సంగతి రాతి పొరల్లో బయటపడిందనీ మా అమ్మాయి చదివి వినిపించింది. నీళ్లలో గాలి లేదని రాయికెలా తెలుస్తుంది? మా పలకరాయిలోనూ నల్లటి చారలున్నాయి. అవీ అప్పటివేనా? ముక్క పంపితే చూస్తారా?

జవాబు: పంపండి నాయనా, తప్పకుండా చూస్తాను. నేను అక్షరాలు దిద్దుకుంది మీ ఊరి పలక మీదే.

ముందు రొయ్యల గుంట సంగతి చెప్తాను. కొత్తపట్నం దగ్గర మా మరిదికి ఒక గుంట ఉండేది. ఓ వేసవి రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ స్టార్టు కాలేదు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయాయి. తెల్లవారుజామున మేం పోయేసరికి రొయ్యంతా గట్ల వెంబడి తేలింది. తినగా మిగిలిన మేత, చచ్చిన నాచు అడుగున కుళ్లుతూ నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ లాగేశాయి. నీళ్లు తీసేశాక నేను పారతో అడుగు కోసి చూశాను. పైన రెండంగుళాల మేర కాటుకలాంటి బురద, కుళ్లిన కోడిగుడ్డు వాసన. దాని కింద మామూలు బూడిదరంగు బంకమన్ను. ఏరియేటర్ సుడి తగిలే చోట మాత్రం ఆ నలుపు లేదు. అది ఒక్క రాత్రిలో వచ్చిన నలుపు కాదు, పంట వేసినప్పటి నుంచీ పేరుకుంటున్నదే. మరిది తలపట్టుకుని గట్టు మీద ఉంటే, నేను ఆ కోత ముందు నుంచి లేవలేకపోయాను. ఆ బురద మీద మళ్లీ మట్టి పడి కోట్ల ఏళ్లు నొక్కుకుపోతే అదే నల్ల షేల్ రాయి.

మీ అమ్మాయి చదివింది సుమారు 9.4 కోట్ల ఏళ్ల నాటి సంగతి. ఇటలీలో గుబ్బియో పట్టణం దగ్గర తెల్లటి సున్నపురాయి వరసల మధ్య సుమారు మీటరు మందాన ఒక నల్ల పట్టీ ఉంది. దాన్ని బోనరెల్లి పొర అంటారు. ఒక గుంట చెడితే ఆ రైతు మేత ఎక్కువ వేశాడేమో అనుకుంటాం. ఒకే పంటలో ఊరూరా గుంటలు చెడితే? పసిఫిక్ అడుగున డ్రిల్లింగ్ చేసి తీసిన రాళ్లలోనూ, వేరే ఖండాల మీదా అదే వయసు నల్ల పొరలు కనబడటంతో, 1976లో ష్లాంగర్, జెంకిన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇది సముద్రాలకే పట్టిన జబ్బని రాశారు. అగ్నిపర్వతాలు కక్కిన కార్బన్ డయాక్సైడ్‌తో భూమి వేడెక్కింది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది. పైగా నేల మీంచి కొట్టుకొచ్చిన పోషకాలతో నాచు విపరీతంగా పెరిగింది. మేత ఎక్కువైన గుంట లాంటిదే.

అయితే నలుపు చూసి తీర్పు చెప్పకూడదు. నేను మొదట చూసేది పురుగుల కోసం. అడుగున ఆక్సిజన్ ఉంటే పురుగులు, నత్తలు బురదను తొలిచి కలియబెట్టేస్తాయి, పొరల గీతలు చెదిరిపోతాయి. ఊపిరి ఆడని చోట కలిపేవాళ్లు ఉండరు. వెంట్రుకంత గీతలు కూడా చెక్కుచెదరకుండా మిగులుతాయి.

ఆ తర్వాత పైరైట్. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం అది. మైక్రోస్కోపు కింద బూందీ లడ్డుల్లాంటి ఉండలు కనబడతాయి. ఆ కుళ్లు వాసన వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, నీళ్లలోకే ఎక్కితే ఉండలు నీళ్లలోనే పుట్టి, పెరిగేలోపే రాలిపోతాయి. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో అయిదు భాగాలంత, అన్నీ దాదాపు ఒకే సైజు. అడుగు మట్టి ఒక్కటే చెడితే తీరిగ్గా, రకరకాల సైజుల్లో పెరుగుతాయి. మాలిబ్డినం అనే లోహం కూడా అలాంటి నీళ్లలోంచి బురదలోకి ఎక్కువగా దిగిపోతుంది.

ఇక మీ రాయి. అది కడప బేసిన్‌లో (ఒకప్పుడు నీళ్ల కింద మట్టి పేరుకున్న పెద్ద పల్లం) కంభం పొరలది, వయసు వంద కోట్ల ఏళ్లు దాటింది. మీ అమ్మాయి చదివిన ఘటన కన్నా పది రెట్లకు పైగా పాతది. అప్పటికింకా పురుగే పుట్టలేదు! కాబట్టి మీ పలకలో గీతలు ఎంత చక్కగా ఉన్నా, వాటిని చూసి ఆక్సిజన్ లేదనలేం. ఆ రోజుల్లో లోతు నీళ్లలో చాలా చోట్ల ఆక్సిజన్ లేకపోవడమే మామూలు కూడా.

ఇంకో సంగతి, మీ చేతికి రోజూ తగిలేదే. మీరు ఉలి పెడితే పలక చీలే వాలు సముద్రం పరిచిన పొర కానక్కర్లేదు. భూమి లోపల ఒత్తిడికి ఖనిజాలన్నీ ఒకే దిక్కుకు సర్దుకున్నాయి, రాయి ఆ దిక్కున చీలుతుంది. సముద్రం పరిచిన పొర చాలాసార్లు ఆ ముఖం మీద ఏటవాలుగా రంగు చారలా కనబడుతుంది. మీరు చూసిన నల్ల చారలు అవే అయ్యుండాలి.

అందుకే చీల్చిన పలక పంపొద్దు. చారకు అడ్డంగా రంపంతో కోసిన అరచేతంత ముక్క చాలు. గనిలోంచి ఊడదీయకముందే, రాయి ఉన్నది ఉన్నట్టు ఉండగా, పైకి చూసే వైపుకు సుద్దతో ఒక బాణం గీయండి.