పక్క సీటువాళ్ళ కంటే నీకు పన్ను ఎందుకు ఎక్కువంటే

తమ్ముడూ, ఐర్లాండులోని డబ్లిన్‌కు వచ్చి ఏడాది కూడా కాలేదు, ఆఫర్ లెటర్లో జీతం ఘనంగా ఉంది, బ్యాంకులో పడేసరికి చిక్కిపోతోంది అని రాశావు. నీ టీములోనే భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే జంట ఉందనీ, వాళ్ళిద్దరి జీతం కలిపితే నీ ఒక్కడి జీతమంతే ఉన్నా పన్ను నీకంటే చాలా తక్కువ కడుతున్నారనీ, ఇదేమి న్యాయమనీ నీ సందేహం. భోజనాల దగ్గర ఒక పెద్దాయన "అదంతా మెక్‌క్రీవీ పుణ్యమే" అంటే, ఆ మెక్‌క్రీవీ ఎవరో తెలియక, రాజకీయం మనకెందుకులే అని నవ్వి ఊరుకున్నావట. మనవాళ్ళందరూ చేసే పనే అది. చిన్నవాడివి కాబట్టి నువ్వనే రాస్తాను, ఏమీ అనుకోకు.

ముందు లెక్క చూద్దాం. 2025 శ్లాబుల ప్రకారం పెళ్ళికానివాడికి 44,000 యూరోల వరకు 20 శాతం, ఆపైన 40 శాతం. భార్యాభర్తల్లో ఒకరే సంపాదిస్తే ఆ గీత 53,000 దగ్గర ఆగుతుంది. ఇద్దరూ సంపాదిస్తే 88,000 దాకా జరుగుతుంది. నీ జీతం 88,000 అనుకుందాం. మీ ఇంట్లో సంపాదించేది నువ్వొక్కడివే కాబట్టి, అందులో 53,000 పోగా 35,000 మీద నీకు 40 శాతం పడుతుంది. అదే సొమ్మును ఇద్దరు చెరి 44,000గా తెచ్చుకుంటే మొత్తం 20 శాతంలోనే తేలిపోతుంది. అక్కడే 7,000 తేడా. రెండో ఉద్యోగికి విడిగా వచ్చే 2,000 రాయితీ కూడా కలిపితే 9,000. ఇంట్లో పాపను చూసుకుంటున్నందుకు మీ ఆవిడ తరఫున హోమ్ కేరర్ క్రెడిట్ అని నీ పన్నులో 1,950 తగ్గుతుంది. అది తీసేసినా మిగిలే తేడా 7,050 యూరోలు. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకోకు, నిద్ర పట్టదు. మిగతా నియమాలన్నీ రెవెన్యూ వారి, అంటే ఇక్కడి పన్నుల శాఖ సైటులో ఉన్నాయి. చదువుకున్నవాడివి, చూసుకోగలవు.

సైటులో లేనిది ఆ గీత అక్కడ ఎవరు గీశారు, ఎందుకు గీశారు అన్నది. ఆ మనిషే ఇక్కడి మాజీ ఆర్థికమంత్రి చార్లీ మెక్‌క్రీవీ.

ఆయన 1949లో కిల్డేర్ కౌంటీలోని సాలిన్స్‌లో పుట్టాడు. డబ్లిన్ నుంచి షానన్ నది దాకా వెళ్ళే గ్రాండ్ కెనాల్ ఆ ఊరి మీదుగా పోతుంది. తరతరాలుగా ఆ కాలువ మీద లాకులు చూసుకున్న కుటుంబం వాళ్ళది. ధవళేశ్వరం వైపు వాళ్ళకు లాకు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. చార్లీకి నాలుగేళ్ళప్పుడు తండ్రి పోతే, లాకు పనిని తల్లే చేతికి తీసుకుంది. పిల్లవాడు కామర్స్ చదివి చార్టర్డ్ అకౌంటెంట్ అయ్యాడు. 1977లో ఫియానా ఫాల్ పార్టీ తరఫున కిల్డేర్ నుంచి పార్లమెంటుకు వెళ్ళాడు. 1982లో సొంత పార్టీ నాయకుడు, ప్రధాని చార్ల్స్ హాహీ మీదే అవిశ్వాసం పెట్టాడు. 22 ఓట్లు వచ్చాయి, ఎదురుగా 58. హాహీ దిగిపోయేదాకా, అంటే 1992 దాకా, మంత్రి పదవి ఆయన గుమ్మం తొక్కలేదు. పదేళ్ళు వెనక బెంచీలో కూర్చోవడానికి కూడా ఒక గుండె కావాలి. ఆ సంగతి నాకు నచ్చుతుంది.

1992లో కొత్త ప్రధాని ఆల్బర్ట్ రేనాల్డ్స్ సాంఘిక సంక్షేమ శాఖ ఇచ్చాడు. సంక్షేమ మంత్రిగా వచ్చి సంక్షేమానికే కోతలు పెట్టాడు. పన్నెండు కోతలు కాబట్టి వాటికి 'డర్టీ డజన్' అని పేరు పడింది. తరువాత పర్యాటకం, వాణిజ్యం. 1997లో ప్రధాని బెర్టీ అహర్న్ ఆయనను ఆర్థికమంత్రిని చేశాడు. అసలు కథ అక్కడ మొదలు. ఏడు బడ్జెట్లు పెట్టాడు. ఆదాయపు పన్నులో కింది రేటు 26 శాతం నుంచి 20కి, పై రేటు 48 నుంచి 42కి దిగాయి. ఆస్తుల లాభాల మీద పన్ను 40 నుంచి ఒక్కసారిగా 20కి. అది సెల్టిక్ టైగర్ కాలం, అంటే ఐర్లాండు ఆర్థికంగా దూసుకుపోయిన రోజులు, ఖజానాలోకి డబ్బు వరదలా వస్తోంది, ఉన్నప్పుడు పంచుదామన్నది ఆయన ధోరణి.

నీ సందేహానికి మూలం 1999 డిసెంబరు బడ్జెట్. అప్పటిదాకా పెళ్ళయిన జంటకు ఒంటరివాడికి రెండింతల శ్లాబు ఉండేది, సంపాదించేది ఒకరైనా ఇద్దరైనా. మెక్‌క్రీవీ దాన్ని విడదీశాడు. ఒంటరివాడికి 17,000 పౌన్లు, ఇద్దరూ పనిచేసే జంటకు 34,000 అన్నాడు, ఒకరే పనిచేసే జంటను మాత్రం పాత 28,000 దగ్గరే వదిలేశాడు. ఇంట్లో ఉండే తల్లులను శిక్షిస్తున్నారని దేశమంతా గోల. ఆ గోల చల్లార్చడానికి హడావిడిగా 3,000 పౌన్ల హోమ్ కేరర్ మినహాయింపు పుట్టుకొచ్చింది. ఇప్పుడు మీ ఆవిడ తరఫున వచ్చేది దాని వారసత్వమే.

ఎందుకు చేశాడంటే, పనికి మనుషులు చాలక. పెళ్ళయిన ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి రావాలని. ఇక్కడ నా కడుపుమంట చెప్పుకోవాలి. అదే మనుషుల కొరత తీర్చడానికి 2000లో అదే ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ వాళ్ళకూ నర్సులకూ వర్కింగ్ వీసా మొదలుపెట్టింది. 2001లో నేను దిగింది దాని మీదే. మా ఆవిడ ఫార్మసీ చదివింది. ఆవిడ ఉద్యోగం చేయాలంటే విడిగా సొంత పర్మిట్ కావాలి, అది అంత తేలిగ్గా దొరకదు. అంటే భార్య ఇంట్లో ఉంటే పన్ను ఎక్కువ, భార్య బయటికి వెళ్తానంటే పర్మిట్ లేదు! ఐరిష్ తల్లుల కోసం పేపర్లు నిండాయి కానీ మా వంటింటి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. 2004లో ఆ ముడి కొంత సడలింది. ఇప్పుడు కొరత ఉన్న వృత్తులవాళ్ళకిచ్చే క్రిటికల్ స్కిల్స్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళ భార్యలకూ భర్తలకూ, 2024 మే నుంచి జనరల్ పర్మిట్ వాళ్ళ ఇంటివాళ్ళకూ కూడా పర్మిట్ లేకుండానే పనిచేసే హక్కు ఉంది. మీ కాలంవాళ్ళు అదృష్టవంతులు, ఆ సంగతి మీకు తెలియదు.

సరే, కోపంలో నేను చేసిన తెలివితక్కువ పని విను. నీ ప్రశ్నలన్నిటిలోకీ అసలు పనికొచ్చేది ఇదే.

ఆ మెక్‌క్రీవీయే 2001 మేలో ఒక పొదుపు పథకం తెచ్చాడు. స్పెషల్ సేవింగ్స్ ఇన్సెంటివ్ అకౌంట్ అని పేరు, అందరూ ఎస్ఎస్ఐఏ అనేవారు. నువ్వు నెలకు నాలుగు వేస్తే ప్రభుత్వం ఒకటి కలుపుతుంది. నెలకు గరిష్ఠం 254 యూరోలు. ఐదేళ్ళు కదపకూడదు. చేరడానికి 2002 ఏప్రిల్ ఆఖరు దాకా గడువు. పౌరుడై ఉండాలనేమీ లేదు, ఇక్కడ నివాసం ఉంటే చాలు. పూర్తిగా వేసినవాడి సొంత డబ్బు 15,240, ప్రభుత్వం కలిపింది 3,810, వడ్డీ అదనం. మా ఆఫీసులో కాఫీ పోసే ఆవిడ కూడా చేరింది. జనాభా 39 లక్షలున్న దేశంలో 11 లక్షల పైచిలుకు ఖాతాలు తెరుచుకున్నాయి.

నేను చేరలేదు. బ్యాంకులో కౌంటరు దగ్గర అమ్మాయి కాగితం చేతికిచ్చి, వేలు పెట్టి చూపించి, "ఈ పావు వంతు ప్రభుత్వం ఇస్తుంది" అంటే నాకు నవ్వొచ్చింది. వంద వేస్తే ఊరికే పాతిక కలిపే చీటీల కంపెనీలను మన జిల్లాలో చాలా చూశాను, నాకా చెప్పేది అనుకున్నాను. పన్ను పెంచినవాడు ఉత్తినే డబ్బిస్తాడా, ఏదో మెలిక ఉంటుందని మా ఆవిడకు కూడా ఉపన్యాసం ఇచ్చాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ నెల మిగిలినదంతా మా ఊరి సహకార బ్యాంకుకు పంపాను. అక్కడ వడ్డీ ఎక్కువ, మేనేజరు మా మేనమామకు స్నేహితుడు, ఇంకేం కావాలి? ఏడాది తిరగకుండా ఆ బ్యాంకుకు తాళం పడింది. డిపాజిటర్ల వరసలో మా నాన్న ఎండలో నిలబడితే, ఆ వార్త నాకు ఫోన్ కార్డు మీద తెలిసింది. ఏళ్ళు గడిచాక వచ్చింది అసలులో కొంత ముక్క. ఇక్కడేమో 2006 మే నుంచి వాళ్ళ ఖాతాలు పండుతూ పోయాయి. ఒకడు వంటగది మార్చాడు, ఒకడు కారు కొన్నాడు, కాఫీ ఆవిడ ఫ్లోరిడా వెళ్ళొచ్చింది.

రాజకీయం మనకెందుకు అంటావు చూడు, అందుకూ! ఆ పథకం గురించి ఆయన చెప్పింది నేను ఒక్కసారి శ్రద్ధగా వినుంటే అది చీటీ కాదని తెలిసేది.

మెక్‌క్రీవీ అంతా మంచే చేశాడని కాదు. ఏటా జాతీయాదాయంలో ఒక శాతం పక్కన పెట్టి పింఛన్ల కోసం నిధి ఒకటి పెట్టాడు, అది ముందుచూపే. మునిగిపోతున్న బ్యాంకులను నిలబెట్టడానికి ఆ డబ్బును తరువాతివాళ్ళు పోశారు. 2003 డిసెంబరులో మాత్రం 10,300 మంది ప్రభుత్వోద్యోగులను డబ్లిన్ నుంచి 53 ఊళ్ళకు తరలిస్తానని, ఎవరికీ ముందు చెప్పకుండా బడ్జెట్ ప్రసంగంలో ప్రకటించాడు. అది సగంలోనే చతికిలబడింది, 2011లో ఎత్తేశారు. ఇళ్ళ ధరలు మంట మీద ఉన్నప్పుడు దాన్ని ఆర్పే మంత్రి కాదు ఆయన. 2008 తరువాత ఇక్కడి ఆర్థిక వ్యవస్థ కూలడంలో ఆయన వాటా ఎంత అన్న వాదన ఇక్కడి పబ్బుల్లో ఇంకా తెగలేదు. 2004 జూన్‌లో స్థానిక ఎన్నికల్లో పార్టీ చావుదెబ్బ తింది. ఆ ఏడాదే ఆయనను యూరోపియన్ కమిషనర్‌గా బ్రసెల్స్ పంపారు, 2010 దాకా అక్కడే. అక్కడ సాఫ్ట్‌వేర్ పేటెంట్ల చట్టాన్ని భుజాన మోసి, 2005లో యూరప్ పార్లమెంటులో 648–14 తేడాతో ఓడిపోయాడు. మనవాళ్ళ వృత్తికి సంబంధించిన సంగతే, అప్పుడూ నేను పేపరు తిప్పేశాను.

ఆ స్థానిక ఎన్నికలన్నాను కదా, వాటిలో ఓటుకు పౌరసత్వం అక్కరలేదు. ఇక్కడ ఉంటూ 18 నిండితే చాలు. ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మనవాళ్ళలో కూడా ఈ సంగతి తెలియనివాళ్ళున్నారు, సిగ్గుచేటు. ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకో. కౌన్సిలర్ నీ తలుపు తట్టినప్పుడు నీ దగ్గర అడగడానికి ఒక ప్రశ్న ఉంటుంది.

ఒంటరితనం గురించి కూడా అడిగావు, శీతాకాలంలో నాలుగున్నరకే చీకటి పడుతోంది, మనసు బాగుండదని. మనసు అదే సర్దుకుంటుంది. డబ్లిన్ శివార్లలో లూకన్‌లో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉగాదికి వచ్చే జనాన్ని చూస్తే నువ్వే కొంచెం ఒంటరిగా ఉంటే బాగుండునంటావు. నేను లూకన్‌లో ఇల్లు కొని అప్పు కూడా తీర్చేశాను, దిగులుపడుతూ కూర్చుని కాదు. డబ్బు సంగతి చూసుకో.

ఈ వారం చేయాల్సింది చెబుతాను. పెళ్ళయిన సంగతి రెవెన్యూకు తెలుసో లేదో, హోమ్ కేరర్ క్రెడిట్ పడుతోందో లేదో ముందు చూడు. పడకపోతే నాలుగేళ్ళ వెనక్కి అడగవచ్చు. పాప పేరున నెలకు 140 యూరోలు రావాలి, దానికి మీ ఆవిడ పేరు మీద దరఖాస్తు పెట్టావా? పెట్టకపోతే ఆలస్యం చేయకు. ఆవిడకు పని చేయాలని ఉంటే ఆవిడ సర్టిఫికెట్లకు ఐర్లాండులో గుర్తింపు సంగతి ఇప్పుడే మొదలుపెట్టమను, పాప స్కూలుకు వెళ్ళేదాకా ఆగవద్దు. చివరిది, 2026 జనవరి నుంచి మై ఫ్యూచర్ ఫండ్ అని కొత్త పింఛను పథకం వచ్చింది. కంపెనీలో నీకు వేరే పింఛను లేకపోతే జీతంలో కొంత కోస్తారు, కంపెనీ అంతే వేస్తుంది, నువ్వు వేసే ప్రతి మూడు యూరోలకు ప్రభుత్వం ఒకటి కలుపుతుంది. ఆరు నెలలు దాటాక, ఏడో ఎనిమిదో నెలల్లో బయటికి రావచ్చు కూడా. మీ ఫ్లాటులో ఎవడో ఒకడు అప్పటికి తప్పకుండా అంటాడు, ఇందులో ఏదో మెలిక ఉంది, ఆ డబ్బు ఇండియాలో ప్లాటు మీద పెడదామని. వాడికి నా ఫోన్ నంబరు ఇవ్వు.