లావోస్ పల్లెల్లో చేనేతతో ఒక స్త్రీ కుటుంబాన్ని ఎలా పోషించగలుగుతుంది?

లావోస్ గ్రామాల్లో, ముఖ్యంగా ఈశాన్యాన ఉన్న హువాఫన్ ప్రావిన్స్‌లో, నేత ప్రధానంగా స్త్రీల పని. స్తంభాలపై కట్టిన ఇంటి కింది నీడలోనే మగ్గం ఉంటుంది కాబట్టి, వరి నాట్లకూ కోతలకూ నడుమ దొరికే వేళల్లో, పిల్లలను కనిపెట్టుకుంటూనే ఆమె నేయగలదు. పొలం తిండిగింజలనిస్తే, బడి ఖర్చులకు, మందులకు కావలసిన రొక్కం చాలా ఇళ్లలో గుడ్డ అమ్మకం నుంచే వస్తుంది.

ఆ గుడ్డకు విలువ తెచ్చేది అందులోని పనితనం. బుటాల కోసం పేకతోపాటు, అంటే అడ్డంగా నేసే దారంతోపాటు, అదనపు రంగుదారాలను వేళ్లతో చొప్పించాలి; ఏ వరుసలో ఏ పడుగు పోగులు (మగ్గంపై పొడవునా బిగించిన దారాలు) లేవాలో మగ్గానికి వేలాడే నిలువు దారాల మధ్య సన్నని పుల్లలు గుచ్చి ముందే భద్రపరుస్తారు. ఎరుపు లక్క నుంచి, నీలం నీలిమందు ఆకు నుంచి వస్తాయి. నాగ బొమ్మల నేతను యునెస్కో 2023లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

అయితే పనితనం ఒక్కటే చాలదు. పట్టుదారానికి పెట్టుబడి, న్యాయమైన ధర ఇచ్చే కొనుగోలుదారు లేకపోతే రాబడిలో పెద్ద వాటా దళారి పాలవుతుంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. దీనికి ఒక దారి చూపినవారు ఉన్నారు: హువాఫన్‌లో పుట్టి, యుద్ధం వల్ల ఊరు విడిచిన కొమ్మాలి చంథవోంగ్ 1976లో మగ్గాలు కొని కొద్దిమంది స్త్రీలతో నేత సంఘం ప్రారంభించారు. తర్వాత షియెంగ్ ఖ్వాంగ్ ప్రావిన్స్‌లో మల్బరీ సాగు, పట్టుపురుగుల పెంపకం నుంచి నేత, అమ్మకం వరకు ఒకే గొలుసుగా నిర్మించి, ఆ కృషికి 2015లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు.