పోకర్ నేర్చుకుంటున్న మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడిని ఆశీర్వదించి, శాన్ హోసే నుంచి మీ మామయ్య వ్రాయునది.

నీ ఉత్తరం చేరింది. ఆరు నెలలుగా పోకర్ ఆడుతున్నావనీ, ఆట ఒక మెట్టు దగ్గర ఆగిపోయిందనీ, డబ్బిచ్చి కోచింగ్ తీసుకోవడం ఇష్టం లేక, నీకు బాగా వచ్చిన డోటా అనే కంప్యూటర్ ఆటను ఎవరికైనా నేర్పి, బదులుగా వారి దగ్గర పోకర్ నేర్చుకోవాలనుకుంటున్నావనీ రాశావు. మీ అమ్మ మాత్రం ఫోనులో పేకాట అన్న ఒక్క మాట పట్టుకొని గంటసేపు మాట్లాడింది. ఆవిడ భయం ఊరికే పుట్టినది కాదు. మా చిన్నప్పుడు తెనాలిలో అరుగుల మీద ముక్కలు వేస్తూ వేస్తూ పొలం కాగితాల దాకా వెళ్లినవారిని మేమిద్దరం కళ్లారా చూశాం. అందుచేత ముందు డబ్బు సంగతి తేల్చి, తరువాత నీవు అడిగినదానికి వస్తాను.

రెండు సెంట్లు, ఐదు సెంట్ల బ్లైండ్లు (ఆట మొదలుకాకముందే ఇద్దరు తప్పనిసరిగా వేయవలసిన పందేలు; వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్) ఉన్న టేబుల్ దగ్గర నూరు బిగ్ బ్లైండ్లతో కూర్చోవాలంటే ఐదు డాలర్లు కావాలి. అటువంటివి ముప్ఫై, అంటే 150 డాలర్లు విడిగా పెట్టుకో. అవి అయిపోతే ఈ సంవత్సరానికి ఆట అయిపోయినట్టే. పోయినది రాబట్టడానికి పెద్ద టేబుల్‌కు వెళ్లడం, స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకోవడం అనే రెండు దారులూ మూసేసుకో. నీవుండే న్యూజెర్సీలో ఆన్‌లైన్ పోకర్ 2013 నవంబరు నుంచి చట్టబద్ధంగా నడుస్తోంది కాబట్టి అక్కడ లైసెన్సు ఉన్న చోట మాత్రమే ఆడు. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు ఆ ఊసే ఎత్తవద్దు. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికి అటువంటి చట్టమే తెచ్చింది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును వల్లించే పెద్దలు మన చుట్టాల్లో ఒకరిద్దరున్నారు. అది రమ్మీ గురించిన తీర్పు. వారితో వాదనకు దిగకు, భోజనం చల్లారిపోతుంది.

ఇక ఆట. ఆరు నెలల్లో 40 డాలర్లు పోయాయి కాబట్టి ఆట రాలేదని నీవు తేల్చుకున్నావు. వారానికి ఐదారు గంటలు, ఒకే టేబుల్ మీద, గంటకు అరవై డెబ్బై హ్యాండ్ల (ముక్కలు పంచిన ప్రతి విడతా ఒక హ్యాండ్) చొప్పున లెక్క కడితే నీవు ఇప్పటికి ఆడినవి పది వేలకు కొంచెం తక్కువే. నూరు హ్యాండ్లకు సగటున ఐదు బిగ్ బ్లైండ్లు గెలిచే చక్కని ఆటగాడిని తీసుకో. పది వేల హ్యాండ్లలో అతనికి 500 బిగ్ బ్లైండ్లు రావాలి. కాని అన్ని హ్యాండ్లలో అదృష్టం మనిషిని అటూ ఇటూ ఊపే దూరం మామూలుగా 900 బిగ్ బ్లైండ్ల దాకా ఉంటుంది. అంటే అంత బాగా ఆడేవారిలో కూడా ముగ్గురు నలుగురికి ఒకరు పది వేల హ్యాండ్ల తరువాత నష్టంలోనే ఉంటారు. నీ 40 డాలర్లు నీ ఆట గురించి మంచీ చెప్పవు, చెడూ చెప్పవు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారి లిబ్రేటస్ అనే ప్రోగ్రాము నలుగురు ఆరితేరిన ఆటగాళ్లతో ఇరవై రోజుల పాటు తలపడినప్పుడు, ఎవరు మెరుగో తేల్చడానికి 1,20,000 హ్యాండ్లు ఆడించారు. అదీ చాలదని, ఒకరికి వచ్చిన ముక్కలను మరొక గదిలో తారుమారు చేసి పంచి, అదృష్టాన్ని వీలైనంత వడకట్టారు. నీకూ నాకూ అన్ని హ్యాండ్లు ఆడే తీరికా లేదు, ఆ రెండో గదీ లేదు. కాబట్టి డబ్బు లెక్కను పక్కన పెట్టి, తీసుకున్న నిర్ణయాన్ని మాత్రమే పరీక్షించుకోవడం అలవాటు చేసుకోవాలి. చెప్పినంత తేలిక కాదు. నాకు ఆ అలవాటు ఒంటరిగా అబ్బలేదు. నీవు అడిగిన ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలోనే అబ్బింది.

2014లో మా ఆఫీసులో కొరియా నుంచి వచ్చిన ఒక కుర్రవాడు చేరాడు. స్టార్‌క్రాఫ్ట్ 2 అనే కంప్యూటర్ యుద్ధపు ఆట చాలా బాగా ఆడేవాడు. అతనికి పోకర్ మీద సరదా పుట్టింది, నాకు యాభై ఏళ్లు దాటాక మా అబ్బాయి ఆడే ఆట ఏమిటో తెలుసుకోవాలనిపించింది. గంటకు గంట అని మాట్లాడుకున్నాం. అప్పటికి నేను పన్నెండేళ్లుగా ఇక్కడి కార్డ్ రూముల్లో శనివారాలు ఆడుతున్నాను కాబట్టి, నేర్పేవాడినే గాని నేర్చుకునేవాడిని కాననుకున్నాను.

ఒక వారం అతనికి నా హ్యాండ్ ఒకటి చూపించాను. ఒకటి, రెండు డాలర్ల బ్లైండ్లున్న టేబుల్. నా చేతిలో ఇస్పేట్ ఆసు, డైమన్ రాణి. పది డాలర్లకు పెంచాను. బిగ్ బ్లైండ్‌లో కూర్చున్న ఒక ముసలాయన మాత్రం కాల్ చేశాడు, అంటే అంతే వేసి నిలిచాడు. ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా ముందు తిప్పే మూడు ముక్కల్లో, ఆఠీన్ రాణి, ఆఠీన్ ఎనిమిది, కళావర్ ఐదు పడ్డాయి. ఆయన ఏమీ వేయకుండా చెక్ చేశాడు, నేను 15 వేశాను, కాల్ చేశాడు. నాలుగో ముక్క టర్న్‌లో ఇస్పేట్ రెండు. మళ్లీ చెక్, నేను 35, మళ్లీ కాల్. అప్పటికి మధ్యలో పోగైన పాట్‌లో 121 డాలర్లు ఉన్నాయి. చివరి ముక్క రివర్‌లో ఆఠీన్ తొమ్మిది పడింది. అంతవరకు నోరెత్తకుండా చెక్ చేస్తూ వచ్చిన మనిషి టీ కప్పు పక్కకు జరిపి, చిప్స్‌ను రెండు దొంతులుగా నెమ్మదిగా పేర్చి, 120 డాలర్లు ముందుకు తోశాడు. నేను కాల్ చేశాను. ఆయన రెండు ఆఠీన్ ముక్కలు తిప్పాడు. అదృష్టం బాగాలేదని చెప్పి హ్యాండ్ ముగించాను.

ఆ కుర్రవాడు ముగించనివ్వలేదు. కాల్ ఎందుకు చేశారని అడిగాడు. నా దగ్గర రాణుల జత, పైన ఆసు ఉన్నాయన్నాను. అది మీ ముక్కల సంగతి, ఆయన దగ్గర ఏమున్నాయనుకొని కాల్ చేశారని మళ్లీ అడిగాడు. ముక్కలు లేకుండానే బెదిరించే బ్లఫ్ కావచ్చన్నాను. ఏ ముక్కలతో బ్లఫ్ చేస్తాడో పేర్లు చెప్పమన్నాడు. అప్పుడు కాగితం తీశాను. ఆయన రెండుసార్లు కాల్ చేశాడంటే రాణి ఉండాలి, లేదా ఏదో పూర్తి కావాలని ఎదురుచూస్తూ ఉండాలి. ఆఠీన్ల కోసం చూసినవాడికి తొమ్మిదితో ఐదూ ఆఠీన్లై ఫ్లష్ అయింది. ఏడు, ఆరు పట్టుకున్నవాడికి ఐదు నుంచి తొమ్మిది దాకా వరస అయింది. జాకీ, పది పట్టుకున్నవాడికీ వరస అయింది. ఒక్క తొమ్మిది అందరి కోరికా తీర్చింది; తప్పిపోయి, దిక్కులేక బ్లఫ్ చేయవలసినవాడంటూ ఎవరూ మిగలలేదు. 241 డాలర్ల కోసం 120 పెడుతున్నానంటే మూడింట ఒకసారైనా నేను గెలవాలి. నేను గెలిచే హ్యాండ్‌ను ఒక్కదాన్ని కూడా గట్టిగా చెప్పలేకపోయాను. పన్నెండేళ్లుగా దురదృష్టం ఖాతాలో రాసుకున్న కాల్స్‌లో ఎన్ని ఇటువంటివో తలుచుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ కుర్రవాడికి అప్పటికి ఫ్లష్ పెద్దదో వరస పెద్దదో కూడా సరిగా గుర్తుండేది కాదు. తెలియనివాడు కాబట్టే, పోకర్ ఆడేవారందరూ తల ఊపి దాటేసే చోట ఎందుకని అడగగలిగాడు. నీవు నీకంటే ఎంతో మెరుగైన గురువు కోసం చూస్తున్నావు. దొరికితే మంచిదే. కాని నీకంటే ఒక మెట్టు పైనున్నవాడితో కుదుర్చుకొని, నేర్పే గంటలో కూడా అతనిని ప్రశ్నలే అడగమను. డోటా మాత్రమే తెలిసినవాడొకడు పోకర్ నేర్పమని వస్తే కాదనకు. ఇరవై నాలుగు గంటలూ రీప్లేలు, అంటే ఆడిన ఆటల రికార్డింగులు, చూసే మీ గేమర్లకు ఒక మంచి అలవాటు ఉంది: ఓడిన ఆటను మళ్లీ చూడడానికి సిగ్గుపడరు. మన పేకాటరాయుళ్లకు లేనిది అదే. స్టార్‌క్రాఫ్ట్ ఆడి కొరియా దాకా వెళ్లిన ఫ్రెంచి ఆటగాడు బెర్ట్రాండ్ గ్రోస్‌పెల్లియే 2008లో బహమాస్‌లో పెద్ద పోకర్ టోర్నమెంటు గెలిచాడు. ఆ పేరు చూసి ఉద్యోగం మానేయాలనే ఆలోచన మాత్రం పెట్టుకోకు.

ఆ కొరియా కుర్రవాడు నాకు స్టార్‌క్రాఫ్ట్ నేర్పిన తీరు కూడా చెప్పాలి. నా రీప్లే పెట్టగానే నేను చివరి యుద్ధం దగ్గరికి లాగేవాడిని. అతను వెనక్కి తిప్పి, మూడో నిమిషంలో సప్లై డిపో కట్టడం ఆలస్యమై, సైనికులు తయారు కాక, డబ్బు ఊరికే పేరుకుపోతున్న చోట ఆపేవాడు. ఆటలో మొదటి తప్పు అది; తరువాతి ఇరవై నిమిషాలు దాని వడ్డీ అని నవ్వేవాడు. పోకర్‌లో నీ మొదటి తప్పు చాలావరకు ఫ్లాప్ పడకముందే జరిగి ఉంటుంది. తొమ్మిదిమంది టేబుల్ మీద అందరికంటే ముందు మాట్లాడవలసిన కుర్చీలో కూర్చొని, రాజు, తొమ్మిది పట్టుకొని దిగితే, ఆ తరువాత ఎంత తెలివిగా ఆడినా ఎదురీతే. మన రమ్మీలో ముక్కలు చూడగానే స్కూట్ కొట్టి చిన్న కౌంటుతో బయటపడడాన్ని ఎవరూ పిరికితనమనరు. 80 కౌంటు ఇచ్చుకున్నవాడినే చూసి నవ్వుతారు. అక్కడ ఉన్న వివేకాన్ని ఇక్కడికి తెచ్చుకో. అటువంటి టేబుల్ మీద పదింట ఎనిమిది హ్యాండ్లు పారేయవలసినవే. సరైన ఆట ఏదో లెక్క కట్టి చెప్పే సాల్వర్ ప్రోగ్రాముల జోలికి ఇప్పుడే పోవద్దు. ఎదుటివాడు కూడా తప్పు చేయడనుకొని అవి చెప్పే జవాబులు, ఐదు సెంట్ల టేబుల్ మీద ప్రతిదానికీ కాల్ చేసేవారి మధ్య నిన్ను తికమక పెడతాయి.

ఒప్పందం ఎలా ఉండాలో క్లుప్తంగా చెబుతాను. ఎనిమిది వారాలకు మాట్లాడుకో. నచ్చకపోతే మొహమాటం లేకుండా విడిపోవడానికి గడువు ఉండాలి. ఒక కూర్చోవడంలో ఒక హ్యాండ్, ఒక రీప్లే, అంతే. ఎవరి ఓటమిని వారే తెచ్చుకోవాలి, ఎందుకు అలా ఆడారో కలవకముందే నాలుగు వాక్యాలు రాసుకోవాలి. రాయకపోతే మాట్లాడేటప్పుడు మనకు తెలియకుండానే కథ మార్చేస్తాం. ఎదుటివాడి గంట ఎగ్గొట్టి నీ గంట మాత్రం తీసుకోవద్దు. నేను ఒకసారి అలా రెండు వారాలు వాయిదా వేశాను, ఆ కొరియా కుర్రవాడు ఏమీ అనలేదు గాని మూడో వారం అతనూ రాలేదు. తప్పు నాదే కాబట్టి క్యాంటీన్‌లో క్షమాపణ చెప్పుకొని మళ్లీ మొదలుపెట్టించాను.

ఒక విషయంలో మాత్రం కచ్చితంగా ఉండు. ఆట నడుస్తుండగా సలహా అడగవద్దు, ఇవ్వవద్దు. డోటాలో ఐదుగురూ చెవిలో మాట్లాడుకుంటూ ఆడడం ధర్మమే. పోకర్‌లో ఒక హ్యాండ్‌ను ఒక్కరే ఆడాలన్నది నియమం, స్క్రీన్ చూపించి అడిగితే అది మోసం. అలాగే నీవూ నీ జోడీగాడూ ఒకే టేబుల్ మీద కూర్చోవద్దు. మీరు ఒకరినొకరు కావాలని వదిలేయకపోయినా, మిగిలినవారికి అనుమానం రావడం సహజం.

ఈ నెలాఖరుకు మీ అమ్మతో మళ్లీ మాట్లాడతాను. 150 డాలర్ల సంగతి నీవే ముందుగా చెప్పి ఉంచు. వచ్చే ఆదివారం లోపల నీవు ఓడిన హ్యాండ్ ఒకటి రాసి నాకు పంపించు. ఎవరు ఏ కుర్చీలో ఉన్నారో, ఎంత వేశారో, ప్రతిచోటా నీవు ఏమనుకున్నావో అన్నీ రాయి. చివరికి ఎదుటివాడు ఏ ముక్కలు తిప్పాడో మాత్రం రాయవద్దు.

ఆశీస్సులతో,
మామయ్య