లైబ్రరీకి ఇచ్చే ముందు ఆ పెట్టెను సర్దకండి

తాతల నాటి ఫోటోలు, ఉత్తరాలు ఒక పెట్టెడు ఉన్నాయి, లైబ్రరీకి ఇవ్వొచ్చా, ఇచ్చే ముందు ఎలా సర్దాలి అని అడిగారు. తప్పకుండా ఇవ్వండి. సర్దడం మాత్రం వద్దు, ఎలా ఉన్న పెట్టెను అలాగే ఇవ్వండి.

మా తాతయ్య కాగితాలు పెదనాన్న చాలా ఏళ్ల క్రితమే ఒక లైబ్రరీకి ఇచ్చారు. ఎంతో శ్రద్ధగా కూర్చుని ఉత్తరాలన్నీ కవర్లలోంచి తీసి తేదీల వారీగా పేర్చారు, ఫోటోలు వేరే కట్ట కట్టారు, ఖాళీ కవర్లు ఎందుకని పారేశారు. వాటిని చూడ్డానికి నేను పోయినేడు వెళ్లాను. బ్యాగు, పెన్ను బయట పెట్టించి, చేతికో పెన్సిల్ ఇచ్చి, ఒక్కో ఫోల్డరే తెచ్చి ముందు పెట్టారు. తేదీ లేని ఉత్తరాల్లో నాయనమ్మ రాసింది ఒకటి దొరికింది. పైన "గురువారం" అని తప్ప ఏమీ లేదు. "దీంతో ఫోటో పంపుతున్నాను, వెనకాల నిలబడ్డది మా చెల్లెలు, జ్వరం తగ్గాక తీయించాం" అని ఉంది. ఆ చెల్లెలు చిన్నప్పుడే పోయింది, ఆవిడ మొహం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. ఫోటోల ఫోల్డర్లు తెరిస్తే గ్రూప్ ఫోటోలే నలభై దాకా ఉన్నాయి, వెనక ఒక్క పేరు లేదు.

మధ్యాహ్నమంతా వెతికాను. ఉత్తరం ఎడమ మూలన గుండుసూది గుచ్చిన రెండు బెజ్జాలు, వాటి మధ్య ఏటవాలుగా తుప్పు గీత. సరిగ్గా అదే గీత, అదే వాలుతో, ఒక ఫోటో మూల మీద కనబడింది. పక్కపక్కన పెడితే బెజ్జాలు అతికినట్టు సరిపోయాయి. వెనక వరుసలో రెండు జడల పిల్ల, కళ్లు బాగా పెద్దవి. నాకు చేతులు వణికాయి. అక్కడ పాత కాగితాలను భద్రపరిచే ఆర్కైవిస్ట్ భూతద్దంతో చూసి, రెండూ ఒకచోటివేనని కేటలాగ్‌లో రాశారు. ఏ సంవత్సరమో మాత్రం ఇక తెలియదు, పోస్టు ముద్ర కవర్ మీదే కదా ఉండేది.

ఆర్కైవ్స్ వాళ్లు కాగితాలను వచ్చిన వరుసలోనే ఉంచాలని పట్టుబట్టేది ఇందుకే. తుప్పు సూదుల సంగతి కూడా వాళ్లకే వదిలేయండి.

ఇంకో బాధ, లామినేషన్. ఉత్తరం చిరిగిపోతుందని ప్లాస్టిక్‌లో వేడిగా అతికించేస్తారు, దాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. సెల్లోటేప్ కూడా అంతే, ఎండి ఊడిపోతుంది, పసుపు మరక ఉండిపోతుంది. జిగురు పేజీల ఆల్బమ్‌లు తలచుకుంటేనే కడుపు మండుతుంది, వాటిలోంచి ఫోటోలను మీరు పీకకండి, ఆల్బమ్‌తో సహా ఇచ్చేయండి. స్కాన్ చేసేవాళ్లు ఫోటో ముందు వైపే చేసి పంపుతారు, స్టూడియో ముద్ర, చేతిరాత ఉండేది వెనక వైపు. అటూ ఇటూ రెండూ చేయండి.

ఇచ్చేటప్పుడు సంతకం పెట్టే ఒప్పందం చదవండి. ఉత్తరం కాగితం మీ సొంతమే అయినా అందులోని రాతపై కాపీరైట్ మామూలుగా రాసినవారిది, వాళ్ల తర్వాత వారసులది. ఎవరు చూడొచ్చు, ఎప్పటినుంచి చూడొచ్చు అన్నది ముందే రాయించుకోండి.

అన్నిటికంటే ముందు, ఆ మొహాలను గుర్తుపట్టే పెద్దవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ వారమే వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పిన పేర్లు మెత్తటి పెన్సిల్‌తో ఫోటో వెనక అంచున తేలిగ్గా రాయండి. మా పెదనాన్నను అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేరు.